ఆజ్ఞ ఎక్కడ ఆగింది?

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణమైన తరువాత ఈ యంత్రాల గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. కాని మన పిల్లలు ఎందరో ఇవాళ హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల కర్మాగారాలలోనూ, బెంగుళూరు కార్యాలయాలలోనూ కంప్యూటర్ల ముందు కూర్చుని బ్రతుకుతెరువు సంపాదించుకొంటున్నారు. వారిని ఎక్కువగా భయపెట్టేది ఒక నల్లని తెర. దానిమీద ఒక మాట టైపుచేసి మీట నొక్కితే కొన్నిసార్లు పని జరుగుతుంది. కొన్నిసార్లు ఇంగ్లీషులో ముక్తసరిగా ఒక జవాబు వస్తుంది. కొన్నిసార్లు ఏ జవాబూ రాదు. ఆ రెండవ, మూడవ సందర్భాలలో ఏమి చేయవలెనో ఇంటి భాషలో చెప్పుకొందామనే ఈ ప్రయత్నం.

ఇక్కడి మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, హోసూరు సంతలో కన్నడం. ఇన్ని భాషలు మోసినవాడు కూడా ఆ ఇంగ్లీషు జవాబు చూడగానే 'నాకు చదువు చాలలేదు' అని చేతులు ముడుచుకొంటాడు. అది నిజం కాదు. ఆ జవాబులు అర్థం కావడానికి ఇంగ్లీషు పాండిత్యం అక్కరలేదు. ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకొంటే చాలును: నా ఆజ్ఞ ఎక్కడ ఆగింది?

మన ఊరి పేరే ఉదాహరణగా తీసుకొందాము. పోచంపల్లి అని మాత్రం వ్రాసి ఒక ఉత్తరం పెట్టెలో వేశారనుకోండి. హోసూరులో వేస్తే అది మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లికి వస్తుంది. హైదరాబాదులో వేస్తే భూదాన్ పోచంపల్లికి పోతుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానం అందుకొన్న ఊరు, ఇక్కత్ చీరలకు పేరుపడిన ఊరు అది. రెండూ నిజమైన ఊళ్ళే. వ్రాసినవాడు తప్పు వ్రాయలేదు, టపావాడు తప్పు చేయలేదు. అయినా ఉత్తరం చేరవలసిన చోటికి చేరలేదు. ఒకదానితో ఒకటి కలిపిన కంప్యూటర్లలో ఆజ్ఞలు చెడిపోయే తీరు చాలావరకు ఇదే. ఆజ్ఞ సరిగానే ఉంటుంది. అది చేరిన చోటు వేరుగా ఉంటుంది.

ముందుగా ఈ యూనిక్స్ అంటే ఏమిటో రెండు మాటలు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు ప్రారంభించిన ఏర్పాటు ఇది. కంప్యూటరులోని పనులన్నిటినీ వరుసలో నడిపించే పెత్తనం దీనిది. 1973లో దీనిని రిచీ సృష్టించిన 'సీ' భాషలోకి తిరిగి వ్రాశారు. అందువల్ల ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి మార్చడం సులభమయింది. 1982లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే సంస్థ పుట్టింది. స్థాపించిన నలుగురిలో మన దేశంవాడైన వినోద్ ఖోస్లా ఒకరు. యూనిక్స్ నడిచే బల్లమీది యంత్రాలను, అంటే వర్క్‌స్టేషన్లను, వ్యాప్తిలోకి తెచ్చినవారిలో వీరు ముఖ్యులు. ఆ సంస్థ 2010లో ఒరాకిల్‌లో కలిసిపోయింది. ఆనాటి పెట్టెలు చాలావరకు మూలపడ్డవి. కాని పద్ధతి పోలేదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఆ నడవడినే పుణికిపుచ్చుకొన్నది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది కూడా లినక్సే.

వర్క్‌స్టేషను ఒంటరిది కాదు. ఉమ్మడి కుటుంబంలో సభ్యుని వంటిది. తెర, మీటలు మన బల్లమీద ఉంటవి. మనం తెరిచే ఫైళ్ళు వేరొక గదిలోని సర్వరులో ఉండవచ్చును. మన పేరూ సంకేతపదమూ సరిచూసేది ఇంకొక సర్వరు కావచ్చును. అచ్చువేసే యంత్రం మరొకచోట. కాబట్టి వంటింట్లో పొయ్యి ఆరితే పడమటింట్లోవాడికి అన్నం అందదు. వాడేమో తన కంచాన్ని తిట్టుకొంటాడు.

ఇక ఆ ముక్తసరి జవాబులను ఒక్కొక్కటే చూతము.

మొదటిది 'కమాండ్ నాట్ ఫౌండ్'. అంటే ఆ పేరుగల పనివాడు దొరకలేదని. మనం టైపుచేసిన మాటను తీసుకొని పనివాడిని వెదికేవాడిని షెల్ అంటారు. వాడు ఊరంతా వెదకడు. 'పాత్' అనే ఒక జాబితాలో వ్రాసి ఉన్న అరలను మాత్రమే ఎడమనుండి కుడికి వరుసగా చూస్తాడు. మొదట కనబడినవాడినే పిలుస్తాడు. కాబట్టి చూడవలసినవి మూడు. అక్షరాలు సరిగా ఉన్నవా? ఇంగ్లీషు పెద్దక్షరమూ చిన్నక్షరమూ యూనిక్స్‌కు వేరువేరు. ఆ పనివాడు అసలు ఈ యంత్రంలో ఉన్నాడా? ఉంటే, అతని అర ఆ జాబితాలో ఉన్నదా? 'విచ్' అనిగాని 'టైప్' అనిగాని వ్రాసి పక్కన ఆ ఆజ్ఞ పేరు చేరిస్తే, ఏ అరలోనివాడు పలుకుతున్నాడో తెలుస్తుంది. ఒకే పేరుతో ఇద్దరున్నప్పుడు ఈ ప్రశ్న ఎంతో పనికివస్తుంది. ఏ పోచంపల్లి అని అడగడమే ఇది.

పగలు చేత్తో నడిపితే నడిచిన పని రాత్రి 'క్రాన్' ద్వారా తనంతట తాను నడవవలసినప్పుడు ఆగిపోవడం తరచు చూస్తుంటాము. పనిలో లోపం ఉండదు. మనకున్న అరల జాబితా పెద్దది. క్రాన్‌కు ఇచ్చేది చాలా పొట్టి జాబితా. ఆజ్ఞ పేరును పూర్తి చిరునామాతో వ్రాస్తే తగవు తీరుతుంది.

రెండవది 'నో సచ్ ఫైల్'. ఫైలు కళ్ళ ఎదుట ఉన్నది, యంత్రం లేదంటున్నది! విండోస్ యంత్రంలో వ్రాసి తెచ్చిన ఆజ్ఞల పత్రాలలో ఇట్లా జరుగుతుంది. విండోస్ ప్రతి పంక్తి చివరా కంటికి కనబడని ఒక గుర్తును అదనంగా ఉంచుతుంది. మొదటి పంక్తిలో ఈ పత్రాన్ని చదవవలసినవాడి పేరు ఉంటుంది గదా, ఆ పేరు తోకన ఈ గుర్తు అంటుకొని వేరే పేరై కూర్చుంటుంది. లేనిది మన పత్రం కాదు, ఆ తోకగల పేరువాడు. 'ఫైల్' అనే ఆజ్ఞతో అడిగితే పంక్తుల చివర ఏమున్నదో చెబుతుంది.

మూడవది 'పర్మిషన్ డినైడ్'. అనుమతి లేదని అర్థం. యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ మూడు వర్గాలవారున్నారు: యజమాని, అతని జట్టు, ఊరివారు. ఒక్కొక్క వర్గానికి మూడు హక్కులు: చదవడం, వ్రాయడం, నడిపించడం. 'ఐడీ' అని టైపుచేస్తే మనమెవరమో, ఏ జట్టులో ఉన్నామో చెబుతుంది. 'ఎల్ఎస్' కు 'ఎల్' గుర్తు చేర్చి అడిగితే ఫైలు ఎవరిదో తెలుస్తుంది. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకొంటే సగం సంగతి బయటపడుతుంది. ఫైలుకు అనుమతి ఉన్నా, దానిని ఉంచిన అరలోనికి పోయే అనుమతి లేకపోవచ్చును. వీధి తలుపు మూసిఉంటే గది తలుపు తెరిచిఉండి ఏమి లాభం? ఇవేవీ చూడకుండా అందరికీ అన్ని హక్కులూ ఇచ్చివేసే 777 మంత్రం కొందరు నేర్పుతారు. తాళంచెవి పోయిందని తలుపు పీకి పారవేయడం వంటిదది. ఆ ప్రయోగం చేయవద్దని నా మనవి.

ఇక్కడ రెండు పోచంపల్లుల సంగతి మళ్ళీ వస్తుంది. యూనిక్స్ మనుష్యులను పేర్లతో కాక అంకెలతో గుర్తిస్తుంది. 1984లో సన్ సంస్థ తెచ్చిన ఎన్.ఎఫ్.ఎస్. అనే పద్ధతిలో, ఒక యంత్రంలోని ఫైళ్ళను మరొక యంత్రం తనవిగానే చూసుకోవచ్చును. సామాన్యంగా అది కూడా ఆ అంకెనే నమ్ముతుంది. ఈ యంత్రంలో 1001 అంటే రామయ్య, ఆ యంత్రంలో 1001 అంటే సుబ్బమ్మ అయితే, రామయ్య ఫైళ్ళు అక్కడ సుబ్బమ్మవి అవుతవి. పేర్లు చూసి ఎంత వెదికినా తప్పు దొరకదు, అంకెలు చూడవలె. అట్లాగే మన యంత్రంలో 'రూట్' అనే సర్వాధికారి అయినవాడు, సర్వరు ఫైళ్ళ దగ్గరికి పోయేసరికి సామాన్యంగా అనామకుడవుతాడు. మన ఇంటి పెత్తనం పొరుగింట్లో చెల్లదు. అది లోపం కాదు, కట్టుబాటు.

నాలుగవది 'నో స్పేస్ లెఫ్ట్'. చోటు లేదని. 'డీఎఫ్' అని అడిగితే ఏ డిస్కులో ఎంత ఖాళీయో చూపుతుంది. కొన్నిసార్లు సగం ఖాళీ చూపుతూనే చోటు లేదంటుంది. గాదెలో చోటున్నది, లెక్కపుస్తకంలో పేజీలు అయిపోయినవి! చిన్నచిన్న ఫైళ్ళు లక్షలుగా చేరినప్పుడు ఇట్లా అవుతుంది. 'డీఎఫ్' కు 'ఐ' గుర్తు చేర్చి అడిగితే ఆ పేజీల లెక్క చెబుతుంది. ఇంకొక వింత: పెద్ద ఫైలును తీసివేసినా చోటు తిరిగి రాదు. ఏదో ఒక పని దానిని ఇంకా తెరిచి పట్టుకొని ఉన్నదన్నమాట. ఆ పని ముగిస్తేనే చోటు వదులుతుంది.

అయిదవది అన్నిటికన్నా కష్టం: ఏ జవాబూ రాకపోవడం. ఆ 'డీఎఫ్' ఆజ్ఞే ఒక్కొక్కప్పుడు నోరు మూసుకొని నిలబడిపోతుంది. అది అన్ని డిస్కులనూ పలకరిస్తుంది; వాటిలో ఒకటి వేరొక సర్వరుది, ఆ సర్వరు ఆగిపోయింది. ఎప్పటికైనా బదులు వస్తుందని మన యంత్రం ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడు మరొక తెర తెరిచి 'పీఎస్' తో పనుల జాబితా చూస్తే, ఆ పని పక్కన 'డీ' అనే అక్షరం కనబడవచ్చును. దానిని చంపబోయినా చావకపోవచ్చు. మన యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించినందువల్ల ఆ సర్వరు లేవదు. సర్వరును లేపితే అన్నీ వాటంతటవే కదులుతవి. డిజైను బల్లల వద్ద పదిమంది ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు పది యంత్రాలూ ఒక్కసారి చెడవు. పదిమందికీ ఉమ్మడి అయినదేదో వెదకవలె.

యంత్రాల మధ్య దారి తెగిందా అని చూడడానికి 'పింగ్' ఉన్నది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికా ఇంజనీరు వ్రాసిన చిన్న పనిముట్టు. చీకట్లో 'ఎవరక్కడ?' అని కేక వేయడమే. సర్వరు అంకెతో కేకవేస్తే పలికి, పేరుతో వేస్తే పలకకపోతే దారి బాగానే ఉన్నది. పేరును అంకెగా మార్చే ఏర్పాటులో లోపం. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే ఇంట్లోవారు తలుపు తీసి, మీరడిగినవాడు లేడన్నారు. యంత్రం బ్రతికే ఉన్నది, ఆ సేవ మాత్రం నడవడం లేదు. 'టైమ్డ్ ఔట్' అంటే ఎవరూ పలకలేదు. దారి తెగి ఉండవచ్చు, కావలివాడు అడ్డగించి ఉండవచ్చు. కొన్నిచోట్ల కావలివాడు పింగ్‌ను మాత్రమే ఆపి తక్కినవాటిని పోనిస్తాడు. కాబట్టి ఆ ఒక్క కేకకు బదులు రాలేదని ఇంట్లో మనుషులు లేరని తీర్మానించరాదు.

ఇప్పుడొక ముచ్చట. ట్రే హ్యారిస్ అనే యూనిక్స్ నిర్వాహకుడు 2002లో వ్రాసి ప్రకటించినది. ఆయన అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఉత్తరాల ఏర్పాటు చూస్తుండగా, గణాంకశాస్త్ర శాఖాధ్యక్షుడు ఫోను చేసి, మా ఈ-మెయిలు అయిదువందల మైళ్ళు దాటి పోవడం లేదన్నాడట. ఎవరైనా నవ్వుతారు. మన లెక్కన చెబితే, ఇక్కడ వేసిన ఉత్తరం హైదరాబాదుకూ విశాఖపట్నానికీ చేరి, బొంబాయికీ కలకత్తాకూ చేరకపోవడం. కాని పరీక్షించి చూస్తే ఆయన చెప్పినది అక్షరాలా నిజం! సంగతి ఏమిటంటే, ఎవరో సర్వరును బాగుచేయబోయి సన్ వారి ఏర్పాటును కొత్తదిగా మార్చారు. దానితో 'సెండ్‌మెయిల్' అనే ఉత్తరాల పనివాడి స్థానంలో అదే పేరుగల పాత కాలపువాడు వచ్చి కూర్చున్నాడు. కొత్తవాడికోసం వ్రాసిన సూచనలు పాతవాడికి అర్థం కాలేదు. అవతలివాడి బదులుకోసం ఎంతసేపు ఆగవలెనన్న చోట సున్న పడింది. సున్న అన్నా ఆ యంత్రం వదలిపెట్టేసరికి సెకనులో మూడు వేయవవంతుల కాలం పట్టేది. ఆ కాలంలో కాంతి పోయే దూరం అయిదువందల మైళ్ళకు కొంచెం ఎక్కువ!

ఈ ముచ్చటలో నాకు నచ్చినవి రెండు. ఆ శాఖాధ్యక్షుడు 'మెయిలు పనిచేయడం లేదు' అని ఊరుకోలేదు. ఎక్కడికి పోతున్నదో, ఎక్కడికి పోవడం లేదో కొన్ని రోజులు లెక్కవేసి మరీ చెప్పాడు. విన్నవాడు వింతగా ఉన్నదని కొట్టివేయలేదు. తానే కొలిచి చూశాడు. చిట్టచివరకు దొరికినదేమిటి? అదే పేరు, వేరే మనిషి.

మరొకటి హెచ్చరికగా చెబుతాను. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల చిత్రం తయారవుతుండగా, ఎవరో ఫైళ్ళు తొలగించే 'ఆర్ఎమ్' ఆజ్ఞను ఇవ్వరాని చోట ఇచ్చారు. చూస్తుండగానే పాత్రలు ఒక్కొక్కటే మాయమైనవి. గాభరాపడి యంత్రం తీగ పీకించారు. భద్రపరచిన నకళ్ళు ఉన్నవి గదా అని చూస్తే అవి సరిగా పడలేదు. బిడ్డను కని ఇంటివద్దనుండి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లోని యంత్రంలో ఒక నకలు ఉండబట్టి చిత్రం బ్రతికింది. మరుసటి ఏడు విడుదలయింది. యూనిక్స్ 'నిజంగానేనా?' అని సామాన్యంగా అడగదు, చెప్పినది చేసివేస్తుంది. కాబట్టి తొలగించే ఆజ్ఞకు ముందు 'హోస్ట్‌నేమ్' అని అడిగి ఏ యంత్రంలో ఉన్నామో, 'పీడబ్ల్యూడీ' అని అడిగి ఏ అరలో ఉన్నామో చూసుకోవలె. నాలుగు తెరలు తెరిచి నాలుగు యంత్రాలలో పనిచేసేవారికి ఇది మరీ ముఖ్యం. నకలు పెట్టినంతమాత్రాన చాలదు. దాని నుండి ఒక ఫైలు తిరిగి తీసి చూసినప్పుడే అది నకలు.

పంచాంగం విన్న రోజు గనుక కాలం సంగతి ఒక్కటి. యూనిక్స్ శకం 1970 జనవరి 1న, గ్రీనిచ్ లెక్కన అర్ధరాత్రి, మొదలవుతుంది. అప్పటినుండి సెకన్లు లెక్కపెడుతుంది. ఏదైనా ఫైలు 1970 నాటిదని చూపితే అది పురాతనం కాదు. తేదీ సున్న అయిందని అర్థం. గడియారాలు తయారుచేసే హోసూరు పక్కన ఉన్న మనకు చెప్పనక్కరలేదు: రెండు యంత్రాల గడియారాలు తేడాపడితే, సంకేతపదం సరైనదైనా లోనికి రానివ్వని ఏర్పాట్లున్నవి. 'డేట్' అని రెండు చోట్లా అడిగి చూడడం తేలిక.

చివరిగా మన భాషకు సంబంధించిన ఒక ఉదంతం. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఫోన్లలో ఒక తెలుగు అక్షరం కనబడగానే సందేశాల పని కూలిపోయింది. ఆ అక్షరం 'జ్ఞా'. దాని నడుమ కంటికి కనబడని ఒక గుర్తు ఇరుక్కొని ఉన్నది. 'తెలుగు అక్షరం ఫోన్లను చంపుతున్నది' అని లోకమంతా చెప్పుకొన్నారు. మాక్ యంత్రాలకూ అదే జబ్బు. రెండూ యూనిక్స్ వంశానివే. అదే నెల 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. తప్పు ఎవరిది? అక్షరాన్ని తెరమీద గీసే పనివాడిది. నింద మాత్రం అక్షరం మీద పడింది. లోపం కనబడిన చోటూ లోపం ఉన్న చోటూ ఒకటి కానక్కరలేదని దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

యువకులకు నేను చెప్పేది ఇంతే. జవాబును పూర్తిగా చదవండి. దానిని ఉన్నది ఉన్నట్లు ఒక పుస్తకంలో వ్రాసుకోండి. నేనెవరిని, ఏ యంత్రంలో ఉన్నాను, ఏ అరలో ఉన్నాను, పలికినవాడెవడు, నిన్నటికీ నేటికీ మారినదేమిటి, అని అయిదు ప్రశ్నలు వేసుకోండి. ఒకసారి ఒక్కటే మార్చి చూడండి. ఆజ్ఞ అర్థం తెలియకపోతే 'మ్యాన్' అని టైపుచేసి పక్కన దాని పేరు వ్రాస్తే, చాలా యంత్రాలలో దాని వివరణ తెరమీదికే వస్తుంది. అర్థం కాని ఆజ్ఞను, ఎవరో చెప్పారని, సర్వాధికారి హోదాలో నడపవద్దు.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ ప్రాంతంలో కర్మాగారాలు పెరుగుతున్నవి. పోచంపల్లి తాలూకాలోనే 2021లో విద్యుత్ స్కూటర్ల కర్మాగారం పని మొదలుపెట్టింది. పనిలో చేరిన పిల్లలు తాము చూసిన ఒక్కొక్క చిక్కునూ, అది విడిన తీరునూ తెలుగులో వ్రాసి సంఘానికి ఇస్తే, ఏటా ఒక చిన్న పుస్తకం అవుతుంది. యంత్రాల పేర్లూ యజమానుల రహస్యాలూ అందులో అక్కరలేదు. చిక్కూ, విడిచిన తీరూ చాలును. తరువాత వచ్చేవాడికి ఆ నల్లని తెర ముందు ఒక అన్నగారు పక్కన కూర్చున్నట్లుంటుంది.